విజయపురి విహారములందలి విద్యాక్రమము

పాఠశాల తుదితరగతులలోఁ దత్త్వము, మతధర్మము, నీతి యెట్లు బోధింపవలయు నను ప్రశ్నకుఁ బలనాటి శాసన మొకటి దారి చూపుచున్నది. మాచెర్ల ప్రాంతమందలి నాగార్జునకొండ క్రీ. శ. 3వ శతాబ్దియం దిక్ష్వాకుల రాజధానియగు విజయపురి. వీరపురుషదత్తుని 6వ రాజ్యసంవత్సరమున నచటి మహాచైత్యమును బూర్తిచేయించిన భదంత ఆనందుఁడు దీర్ఘ మధ్యమ నికాయములను గంఠస్థము చేసినవాఁడనియు, అతని యాచార్యులు వానితోఁబాటు పంచమాతృకలనుగూడ బోధించువారనియు నందుఁ గలదు. ‘మాతుక’ యను ప్రాకృతరూపమునకు సంస్కృతము ‘మాతృకా’. విషయములను వరుసగాఁ గూర్చిన పట్టిక యని యర్థము. నికాయములు బుద్ధుని యుపదేశములు. వానియందలి విషయములను విడఁదీసి విచారించుటకు మాతృకలు సాధనములు. కావున ధారణ మొదలు, విచారము తుది యని నా యభిప్రాయము. 1967లోఁ బూర్తియైన నాగార్జునసాగరమున నా లోయ మునిఁగినది గాని యీ క్రమము మునుఁగలేదు. నీతివాక్యములను వల్లెవేయించి విడిచిన చదువు సగమే, విద్యార్థి ‘ఏల?’ యని యడుగ నేర్చినపుడే యది పూర్ణమగును.