చింతపల్లి దారి వేసిన చేతులు

చలికాలంలో నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ మీద తెల్లవారకముందే కార్లు బారులు తీరతాయి. జనం పొగమంచు చూసి, వేడివేడి టీ తాగి, ఫొటోలు తీసుకుని వెనుదిరుగుతారు. ఇంకో ఇరవై కిలోమీటర్లు వెళితే చింతపల్లి వస్తుంది. చుట్టూ కొండలు, మధ్యలో చిన్న ఊరు. సంత రోజున పసుపు, రాజ్‌మా, మిరియాల మూటలతో గిరిజనులు దిగినప్పుడే అక్కడ సందడి.

మనం హాయిగా ఎక్కే ఆ ఘాట్ దారికి ఒక కథ ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో మన్యంలో పోడు కొట్టడం, కట్టెలు ఏరుకోవడం కూడా నేరాలయ్యాయి. బతుకుతెరువు పోయిన మనుషులే రోడ్డు పనికి కూలీలయ్యారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వాళ్లతో లంబసింగి దారి వేయించాడు. సరిగా కూలి ఇవ్వలేదు, ఎదురు చెబితే కొట్టించాడు. మునసబు పదవి పోగొట్టుకున్న గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర వంటివారు అప్పటికే రగిలిపోతున్నారు. 1917లో కృష్ణదేవిపేట చేరిన అల్లూరి సీతారామరాజు వెంట వాళ్లంతా బ్రిటిష్ పాలన మీద పితూరీకి (తిరుగుబాటుకు) నడిచారు.

1922 ఆగస్టు 22న రాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది. 11 తుపాకులు, 1,390 తూటాలు, 5 కత్తులు, 14 బాయొనెట్లు దక్కాయి. తీసుకున్నవన్నీ రాజు స్టేషన్ రికార్డులో రాసి సంతకం పెట్టాడు. ఈ పితూరీలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఆ సంతకమే. దొంగలా కాదు, లెక్క చెప్పి తీసుకెళ్లాడు. మర్నాడు కృష్ణదేవిపేట స్టేషన్, ఆ మర్నాడు రాజవొమ్మంగి స్టేషన్ మీద పడ్డారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో రాజు దళం దెబ్బకు స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు కూలిపోయారు. ఆపైన మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును చెట్టుకు కట్టి కాల్చేశారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

చింతపల్లి ఉన్న, 2022లో ఏర్పడిన జిల్లాకు సీతారామరాజు పేరే పెట్టారు. అది న్యాయమే. కానీ కొండను తొలిచి రాళ్లు మోసిన కూలీల పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్ల గుర్తుగా ఘాట్ మొదట్లో ఒక శిలాఫలకం వేయించడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. ఈసారి లంబసింగి వెళ్లేవారు అక్కడే ఆగిపోకండి. చింతపల్లి దాకా వెళ్లండి, పిల్లలకు ఈ దారి కథ చెప్పండి.