జహీరాబాద్ మహిళా రైతుల మెట్ట సేద్యం

తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో సన్నకారు మహిళా రైతులు, ఎక్కువగా దళితులు, వానపైనే ఆధారపడి సాగించే మిశ్రమ పంటల వ్యవసాయం ఇది. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) వీరిని ఊరూరా సంఘాలుగా కూడగట్టింది.

ఒకే చెలకలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, అనుములు కలిపి వేస్తారు. వాన మొహం చాటేసి ఒక పంట ఎండినా మరొకటి దక్కుతుంది. పప్పుజాతి పంటలు నేలకు నత్రజని అందిస్తాయి. బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచిన విత్తనాన్ని ఆడవాళ్లే ఒకరికొకరు బదులిచ్చుకుంటారు. బాకీ తీర్చేది కూడా విత్తనంతోనే. సంఘం రేడియో 2008 నుంచి వీరి గొంతుతోనే నడుస్తోంది. డీడీఎస్‌కు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి దక్కింది.

ఇంత తెలిసిన రైతులకు అడ్డుపడేది ముందుగా భూమి కాగితం. దేశంలో సాగు కమతాల్లో మహిళలవి సుమారు 14 శాతమేనని 2015-16 వ్యవసాయ గణన చెబుతోంది. కలుపు, నాట్లు, కోతల్లో వంగే నడుములు మాత్రం ఎక్కువగా వారివే. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది, అప్పటికే పెళ్లయినవారిని మినహాయించి. అయినా పుట్టింటి భూమిలో వాటా అడిగితే అన్నదమ్ములతో తెగిపోతుందన్న భయం చాలామందిని వెనక్కి లాగుతోంది. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు పెట్టుబడి సాయం, రైతుబీమా రెండూ పట్టాదారులకే వర్తించాయి. భర్త పేరిట ఉన్న చేనులో, కౌలు చేనులో కష్టపడే స్త్రీ ఆ లెక్కలోకి రాలేదు. పంటరుణం దగ్గరా అదే చిక్కు.

మరో అడ్డంకి మార్కెట్. ఉమ్మడి రాష్ట్రంలో 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం పేదల ఆకలి తీర్చింది. అదే సమయంలో మెట్ట ప్రాంతపు జొన్న, కొర్రలు కంచంలోంచి తప్పుకోవడానికీ కారణమైంది. దీనికి జవాబుగా 1990లలో సంఘాలు బీడు భూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే నిల్వచేసి, పేదలకు పంచాయి.

పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్‌లోనూ 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ప్రధానంగా మహిళా పొదుపు (డ్వాక్రా) సంఘాల ద్వారా పల్లెలకు చేరింది. దానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. పురుషులతో సమానంగా వనరులు అందితే మహిళల పొలాల్లో దిగుబడి 20-30 శాతం పెరగగలదని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2011లో అంచనా వేసింది. ఆ వనరుల్లో మొదటిది భూమి. పాసుపుస్తకంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఎక్కించడం, భూమి లేని సాగుదారు మహిళకు రైతుగా గుర్తింపు కార్డు ఇవ్వడం ప్రభుత్వాలు ఇక వాయిదా వేయకూడని పనులు.