వెరో కణాల సాక్ష్యం ఎంతవరకు?

1962 మార్చి 27న జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో యసుమురా, కవకిత అనే శాస్త్రవేత్తలు ఒక ఆఫ్రికా ఆకుపచ్చ కోతి మూత్రపిండం నుంచి కణాలు తీసి పెంచడం మొదలుపెట్టారు. అలా పుట్టిన సెల్ లైన్ పేరు వెరో. జంతువు ఒంట్లోంచి తీసిన మామూలు కణాలు గాజు పాత్రలో కొన్నిసార్లు విభజన చెంది ఆగిపోతాయి. ఇవి ఆగలేదు. 1964లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ప్రయోగశాలకు, అక్కడి నుంచి ప్రపంచమంతటికీ చేరాయి. హైదరాబాద్ టీకా పరిశ్రమకు ఇవి కొత్తవి కావు. భారత్ బయోటెక్ వారి కొవాగ్జిన్, రోటావాక్, ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారి రేబిస్ టీకా అభయ్‌రాబ్, బయొలాజికల్ ఈ వారి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకా, అన్నింటికీ వైరస్‌ను పెంచింది వెరో కణాల్లోనే. టీకా తయారీలో వీటి ఉపయోగాన్ని ఈ వ్యాసం ప్రశ్నించడం లేదు. వైరస్‌ను పెంచిపెట్టే కణమే మందు పనిచేస్తుందని, రసాయనం హానిచేయదని కూడా సాక్ష్యం చెబుతున్నప్పుడు దాన్ని ఎంతవరకు నమ్మాలన్నదే ఇక్కడ చర్చ.

ముందుగా ఈ కణాలు ఎందుకు అవసరమయ్యాయో చూడాలి. 1950లలో పోలియో టీకా కోసం కోతులను చంపి, ఎప్పటికప్పుడు తాజా మూత్రపిండ కణాలు తీసేవారు. 1960లో స్వీట్, హిల్మన్ ఆ కణాల్లో ఎస్‌వీ40 అనే కోతి వైరస్‌ను కనుగొన్నారు. రీసస్ కోతి కణాల్లో ఏ గుర్తూ చూపకుండా పెరిగిన ఆ వైరస్, ఆకుపచ్చ కోతి కణాల్లో వేసేసరికి బయటపడింది. ఒక కణం దాచిన దాన్ని మరో కణం పట్టిచ్చింది. 1967లో అంతకన్నా ఘోరం జరిగింది. ఉగాండా నుంచి తెచ్చిన ఆకుపచ్చ కోతుల ద్వారా జర్మనీలోని మార్‌బర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలోనూ, బెల్‌గ్రేడ్‌లోనూ 31 మందికి కొత్త వైరస్ సోకి ఏడుగురు చనిపోయారు. ఒకసారి పరీక్షించి, ఘనీభవింపజేసి, ఏళ్ల తరబడి వాడుకోగల సెల్ బ్యాంకు విలువ ఇలాంటి అనుభవాల తరవాతే బాగా తెలిసొచ్చింది.

వెరో ఇన్ని వైరస్‌లకు సులువుగా లొంగడానికి ముఖ్య కారణం ఒక లోపం. వైరస్ సోకిన కణం సాధారణంగా ఇంటర్ఫెరాన్ విడుదల చేసి పక్క కణాలను హెచ్చరిస్తుంది. వెరో ఆ పని చేయదని 1968లో డెస్మైటర్, మెల్నిక్, రాల్స్ చూపారు. కారణం 2014లో జపాన్ పరిశోధకులు జన్యుక్రమాన్ని చదివినప్పుడు తేలింది: 12వ క్రోమోజోము రెండు ప్రతుల్లోనూ దాదాపు 90 లక్షల బేస్ జతల ముక్క లేదు. టైప్ 1 ఇంటర్ఫెరాన్ జన్యువులు ఆ ముక్కతోనే పోయాయి. కణ విభజనకు కళ్లెం వేసే సీడీకేఎన్‌2ఏ, సీడీకేఎన్‌2బీ జన్యువులు కూడా అందులోవే. అంటే ఈ కణం ఆగకుండా పెరగడానికీ, వైరస్‌కు తలుపులు తెరవడానికీ ఆధారం ఒకే చోట ఉంది. బయటి నుంచి ఇంటర్ఫెరాన్ పోస్తే మాత్రం వెరో స్పందిస్తుంది. లేనిది తయారీ శక్తే.

విషశాస్త్రంలో వెరోకు దక్కిన పెద్ద గౌరవం 1977 నాటిది. కొన్ని ఇ.కోలై బాక్టీరియాల ద్రవం వెరో కణాలను చంపుతోందని కెనడాలో కోనోవాల్చుక్ బృందం గమనించింది. ఆ విషానికి వెరోటాక్సిన్ అన్న పేరే నిలిచింది. రక్తవిరేచనాల తరవాత పిల్లల్లో మూత్రపిండాలు దెబ్బతినే జబ్బుకు దానితో సంబంధం ఉందని తరవాత తేలింది. ఇక్కడ వెరో సాక్ష్యం నిజమైంది, ఎందుకంటే విషం అతుక్కునే జీబీ3 అనే కొవ్వు అణువు ఆ కణాల పైపొర మీదా, మనిషి మూత్రపిండంలోని సన్నని రక్తనాళాల కణాల మీదా ఉంది. అంతేగాని వెరో మూత్రపిండం నుంచి వచ్చిందన్నంత మాత్రాన ప్రతి మూత్రపిండ విషానికీ సరైన కొలమానం అవుతుందనుకోవడం పొరపాటు.

వెరో సాక్ష్యాన్ని అందరూ మరీ తొందరగా నమ్మిన ఉదంతం మలేరియా మందు క్లోరోక్విన్‌ది. 2020 ఫిబ్రవరిలో వూహాన్ శాస్త్రవేత్తలు వెరో ఈ6 అనే వెరో క్లోన్ కణాల్లో క్లోరోక్విన్ 1.13 మైక్రోమోలార్ దగ్గరే కరోనా వైరస్‌ను సగానికి తగ్గించిందని, 100 మైక్రోమోలార్ వరకూ సగం కణాలను చంపే స్థాయి రాలేదని ప్రకటించారు. రెండింటి నిష్పత్తి 88 దాటింది. కాగితం మీద ఇంతకన్నా అందమైన అంకె ఉండదు. మార్చిలోనే భారత వైద్య పరిశోధన మండలి, ఆరోగ్య సిబ్బందికి ముందుజాగ్రత్తగా అదే జాతి మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ సూచించింది. కానీ వెరోలో టీఎంపీఆర్‌ఎస్‌ఎస్‌2 అనే ఎంజైము దాదాపు లేదు. అందుకే కరోనా వైరస్ అక్కడ ఆమ్ల సంచుల గుండా, కాథెప్సిన్ అనే మరో ఎంజైము సాయంతో లోపలికి వస్తుంది. క్లోరోక్విన్ ఆ ఆమ్లతను తగ్గిస్తుంది కాబట్టి దారి మూసుకుపోతుంది. మనిషి ఊపిరితిత్తుల కణాల్లో ఆ ఎంజైము ఉంది, వైరస్ వేరే దారిన పైపొర దగ్గరే ప్రవేశిస్తుంది. కాలూ-3 అనే ఊపిరితిత్తి కణాల్లో క్లోరోక్విన్ వైరస్‌ను ఆపలేదని హాఫ్‌మన్ బృందం అదే ఏడాది నేచర్ పత్రికలో చూపింది. కొవిడ్ రోగులపై బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో 28 రోజుల్లో మరణాలు హైడ్రాక్సీక్లోరోక్విన్ తీసుకున్నవారిలో 27 శాతం, తీసుకోనివారిలో 25 శాతం. వెరో అబద్ధం చెప్పలేదు. తన సంగతి తాను చెప్పింది, విన్నవాళ్లు మనిషి సంగతిగా విన్నారు.

పొరపాటు రెండో వైపూ జరగవచ్చు. నిర్మాట్రెల్విర్ లాంటి మంచి కొవిడ్ మందును వెరో తన పంపు ప్రొటీన్లతో బయటికి నెట్టేస్తుంది; ఆ పంపులను ఆపే మరో రసాయనం కలిపితేనే దాని అసలు బలం కనిపించింది. పైగా వెరో ఈ6లో పదేపదే పెంచిన కరోనా వైరస్, స్పైక్ ప్రొటీన్‌లోని ఫ్యూరిన్ కోత చోటును పోగొట్టుకుంటుంది. అలా మారిన వైరస్ మీద చేసిన ప్రయోగం రోగి గొంతులోని వైరస్ గురించి ఏం చెబుతుంది?

మన దగ్గర మొక్కల సారాల మీద చేసే పరిశోధనలకు ఈ పాఠం బాగా వర్తిస్తుంది. ఎంటీటీ పరీక్షలో వెరో కణాలు చావలేదు కాబట్టి సారం సురక్షితమని రాయడం చాలా తేలిక. ఎంటీటీ కొలిచేది ఆ కొద్ది గంటల్లో కణం చేసే జీవక్రియను మాత్రమే. కాలేయం మందును మార్చాక పుట్టే విషాన్ని, నెలల తరబడి వాడితే వచ్చే నష్టాన్ని అది చూపలేదు. కాబట్టి ఇలాంటి వ్యాసాలు రాసేవారు వెరోలో ఏ క్లోన్ వాడారో, ఎన్నో పాసేజ్‌లో (ఎన్నోసారి కొత్త పాత్రకు మార్చాక) వాడారో, మైకోప్లాస్మా బాక్టీరియా చేరిందేమోనని పరీక్ష చేశారో లేదో తప్పక రాయాలి. జబ్బు ఏ అవయవానిదైతే ఆ అవయవపు మానవ కణాల్లో కనీసం ఒక ప్రయోగం జతచేయాలి. అది లేని వ్యాసంలో ‘సురక్షితం’, ‘వైరస్ నిరోధకం’ అన్న మాటలను శీర్షికలోకి రానివ్వవద్దని మన పత్రికల సంపాదకులకు విన్నపం.