ఇంటికి పూల్ టేబుల్: ధర కంటే ముందు గది కొలవండి

పిల్లలు పూల్ టేబుల్ అడుగుతున్నారా? షాపుకి వెళ్లేముందు టేపుతో గది కొలవండి. ఆడే కర్ర సాధారణంగా 58 అంగుళాలు. చుట్టూ అంత జాగా లేకపోతే ప్రతి షాట్‌కీ గోడ తగులుతుంది.

గది: 7 అడుగుల టేబుల్‌కి సుమారు 13 × 16.5 అడుగులు, 8 అడుగులదానికి 13.5 × 17 అడుగులు కావాలి.

పలక: స్లేట్ రాయి వంగదు, బంతి నేరుగా దొర్లుతుంది. ఎండీఎఫ్ చెక్క చౌకే గానీ తేమకి ఉబ్బుతుంది.

బరువు: 8 అడుగుల స్లేట్ టేబుల్ సాధారణంగా 300 కిలోలు దాటుతుంది. పై అంతస్తు అయితే ఇంజినీర్‌ని అడగండి.

సెకండ్‌హ్యాండ్: బంతిని మెల్లగా దొర్లించండి. పక్కకి పోతే లెవెల్ లేనట్టే. విప్పి మళ్లీ బిగించే ఖర్చు కూడా కలిపి బేరమాడండి.

గది చాలకపోతే డబ్బు పోగొట్టుకోవద్దు, మంచి క్యారమ్ బోర్డు చాలు.