మందు పనిచేయు చోటు

మందు పుచ్చుకొన్నవాడు రోగము కుదిరినదని సంతసించును. అది దేహములో ఏమి చేసినదో విచారింపడు. వైద్యులును చిరకాలము ఫలానా మందు ఫలానా రోగమునకు మంచిదని అనుభవముచే ఎరుగుదురే కాని, ఎందువలన మంచిదో ఎరుగరు. దానికి సమాధానము దొరకనారంభించి ఇంకను రెండువందల ఏండ్లు కాలేదు.

19వ శతాబ్ది నడుమ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డు, దక్షిణ అమెరికా అడవిజాతులవారు బాణములకు పూయు కురారె అను విషమును కప్పలపై పరీక్షించెను. విషమెక్కిన కప్పలో నరమును ప్రేరేపించినచో కండరము కదలలేదు. కండరమునే ప్రేరేపించినచో ముడుచుకొనెను. విషము నెత్తురుతో అంతటను తిరిగినను, దాని పని నరము కండరమును కలియు చోటనే యని తేలెను.

1905లో కేంబ్రిడ్జి ఆచార్యుడు లాంగ్లీ మరికొంత ముందునకు సాగెను. నికొటిన్ కండరమును ముడుచుకొనజేయును. కురారె దానిని అడ్డగించును. నరము తెగి క్షీణించిన కండరమునందును ఇట్లే జరిగెను. కావున ఈ రెంటినీ గ్రహించు ద్రవ్యము కండరమునందే కలదని అతడు నిశ్చయించెను. జర్మనీలో పాల్ ఎర్లిక్ సైతము, కణమున అంటుకొననిదే ఏ మందును పనిచేయదని బోధించెను. అట్టి స్థానములను నేడు రిసెప్టర్లందురు. తాళమున చెవి వలె మందు అందు ఇముడును. ఒక మందు తాళము తీయును. మరియొకటి తీయకయే అందు నిలిచి, అసలు చెవికి చోటు లేకుండ చేయును.

దేహములోని ఎంజైములకును ఇదే న్యాయము. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో నడపిన బృందము, కణములు వృద్ధిచెందుటకు కావలసిన ఫోలిక్ ఆమ్లమును, పిదప దానిని పోలిన అమినాప్టెరిన్‌ను తయారుచేసెను. ఎంజైము దీనిని అసలుదిగా భ్రమించి పట్టుకొనును, కణవృద్ధి నిలిచిపోవును. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ దీనిని ల్యూకీమియా సోకిన పిల్లలకిచ్చి, 16 మందిలో 10 మందికి గుణము కనిపించినదని 1948లో ప్రకటించెను. ఆ గుణము కొలదికాలమే నిలిచెను. అయినను అంతవరకు ఆశయే లేని వ్యాధి అది. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఆ మందునకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని ఆ వ్యాధికి వాడబడుచున్నది.

అయితే ఆరోగ్యకణములకును అదే ఎంజైము కలదు. అందుచేతనే ఆ మందు నోటిని పొక్కించును, మూలుగను క్షీణింపజేయును. దాని పెద్ద మోతాదు ఇచ్చిన పిదప ఆరోగ్యకణములను కాపాడుటకు ఫోలినిక్ ఆమ్లము నిత్తురు. రోగము నణచు చోటును, దేహమును బాధించు చోటును ఒక్కటే యైనపుడు, మేలును కీడును వేరుచేయునది మోతాదే.

ఒక మాత్రకు రెండు మాత్రలు మ్రింగిన రెండింతలు మేలు కలుగునని తలచువారు ప్రతి ఇంటను కలరు. తాళములన్నియు నిండిన పిమ్మట మిగిలిన మందు వేరు తలుపులను వెదకును. వైద్యుడు చీటిపై వ్రాయు అంకె వెనుక ఇంత చరిత్ర కలదు.