70, 20, 10

1965 మార్చి 24. అమెరికన్ మెరీన్లు ద నాంగ్ తీరంలో దిగి సరిగ్గా పదహారు రోజులు. పెంటగాన్‌లో జాన్ మెక్‌నాటన్ అనే అధికారి, తన పై అధికారి అయిన రక్షణమంత్రి మెక్‌నమారా కోసం ఒక నోట్ రాశాడు. వియత్నాంలో మనం ఎందుకున్నాం? జవాబుని శాతాల్లో పంచాడు. అవమానకరమైన ఓటమి తప్పించుకోడానికి 70. దక్షిణ వియత్నాం చైనా చేతిలో పడకుండా చూడ్డానికి 20. అక్కడి జనం ఇంకాస్త మెరుగ్గా, స్వేచ్ఛగా బతకడానికి 10. మిత్రుడికి సాయం చేయడానికి మాత్రం కాదు అని విడిగా రాసిపెట్టాడు కూడా.

సరిగ్గా రెండు వారాలకి, ఏప్రిల్ 7న, అధ్యక్షుడు జాన్సన్ జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో ప్రసంగిస్తూ, దక్షిణ వియత్నాం స్వాతంత్ర్యమే తమ లక్ష్యమనీ, తమకోసం ఏమీ కోరుకోవడం లేదనీ చెప్పాడు. అంటే ఆ 10 శాతాన్ని జనానికి నూరుగా చూపించారన్నమాట.

మెక్‌నాటన్ కరడుగట్టిన యుద్ధోన్మాదేం కాదు. హార్వర్డ్‌లో లా ప్రొఫెసర్. పెంటగాన్‌కి వచ్చాక 1963 నాటి అణుపరీక్షల నిషేధ ఒప్పందానికి పనిచేశాడు. 1964 నుంచి సహాయమంత్రి. 70 అని ఎలా తేల్చాడో, 65 ఎందుకు కాలేదో అడగబుద్ధవుతుంది. కానీ నన్ను ఎక్కువ ఇబ్బందిపెట్టేది అదే నోట్‌లోని ఇంకో మాట: ఆగ్నేయాసియా ఏమైపోయినా సరే, అమెరికా మాత్రం ‘మంచి డాక్టర్’ అనిపించుకుని బయటపడాలట. రోగి సంగతి తర్వాత! ఇంత తెలిసినవాడు ఆ బాంబుదాడుల ప్రణాళికలే రాస్తూ కూర్చున్నాడు.

1967 మే నాటికి స్వరం మారింది. ఇంకో రెండు లక్షల మంది సైనికులు కావాలని జనరల్ వెస్ట్‌మోర్‌లండ్ అడిగితే, వద్దంటూ మెక్‌నమారా పేరిట వెళ్లిన ముసాయిదా చాలావరకు ఇతని చేతిరాతే. ఒక చిన్న, వెనకబడ్డ దేశాన్ని లొంగదీయడానికి వారానికి వెయ్యిమంది మామూలు జనాన్ని చంపడమో, గాయపరచడమో చూడ్డానికి బాగోదని అందులో ఉంది. బాగోదు! అప్పటికీ బెంగ చూసేవాళ్ల గురించే.

ఆ జూలై 19న నార్త్ కరోలినాలో రెండు విమానాలు ఢీకొన్నాయి. మెక్‌నాటన్, భార్య, చిన్నకొడుకు పోయారు. అతనికి 45 ఏళ్లు. కొద్దిరోజుల్లో నౌకాదళ మంత్రి కావాల్సినవాడు.

ఒకప్పుడు అతని దగ్గరే పనిచేసిన డేనియల్ ఎల్స్‌బర్గ్ పెంటగాన్ పేపర్లని బయటపెట్టాడు. 1971లో జనం ఆ శాతాలు చదివారు. యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది.