తుంటి ఎముక విరిగిన వృద్ధుల్లో డెలీరియం

నిలుచున్న ఎత్తు నుంచి, లేదా అంతకంటే తక్కువ ఎత్తు నుంచి పడినందుకే ఎముక విరిగితే దాన్ని పెళుసు ఎముక విరుపు అంటారు. ఆరోగ్యంగా ఉన్న ఎముక అంత చిన్న దెబ్బకు విరగదు. ఎముకలు గుల్లబారే ఆస్టియోపొరోసిస్ దీనికి ప్రధాన కారణం. ఎక్కువగా విరిగేవి మణికట్టు, వెన్నుపూసలు, భుజం, తుంటి. వీటిలో దాదాపు ప్రతి రోగినీ ఆసుపత్రిలో చేర్పించి ఆపరేషన్ దాకా తీసుకెళ్లేది తుంటి విరుపు. ఆసుపత్రి మంచం మీదే చాలామందికి రెండో జబ్బు మొదలవుతుంది. ఉన్నట్టుండి మతి తప్పే ఈ స్థితిని వైద్యులు డెలీరియం అంటారు, పాతతరం సంధి అనేది. తుంటి విరిగిన వృద్ధుల్లో నలుగురిలో ఒకరి నుంచి ఇద్దరిలో ఒకరి వరకు దీని బారిన పడుతున్నట్టు వేర్వేరు అధ్యయనాలు చెబుతున్నాయి. ఎముక సంగతి ఒక డాక్టరు, మతి సంగతి మరో డాక్టరు చూసుకుంటారులే అనుకునే చోట రెండూ చెడతాయి. ఏడాది తిరిగేసరికి తుంటి విరిగిన రోగుల్లో సుమారు ఐదో వంతు నుంచి మూడో వంతు వరకు చనిపోతారు. చాలా సందర్భాల్లో ప్రాణం తీసేది విరిగిన ఎముక కాదు, ఆ తర్వాత వచ్చే న్యుమోనియా, గుండె జబ్బు లాంటివి.

తుంటి విరుపు

ఎక్కువమంది ఇంట్లోనే పడతారు. రాత్రి ఒంటికి వెళ్దామని లేచి తూలడం, తడి బాత్రూమ్‌లో కాలు జారడం, గడప తగిలి బోర్లా పడడం మామూలు కథలు. విరిగిన ముక్క పక్కకు తొలిగితే ఆ కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తుంది. తొలగకపోతే కొందరు కుంటుతూ నాలుగడుగులు వేస్తారు కూడా. అలాంటి విరుపు మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే ఎమ్మారై తీయాలి, అందులో బయటపడుతుంది.

ఎక్కడ విరిగిందన్న దాన్ని బట్టే చికిత్స. తొడ ఎముక పైకొసన ఉండే తలకు రక్తం, దాని కిందుండే ఎముక మెడ వెంబడి పాకే సన్నని నాళాల ద్వారా అందుతుంది. మెడ విరిగి తొలిగితే అవి తెగిపోయి తల చచ్చుబడవచ్చు. అందుకే వృద్ధుల్లో ఆ తల తీసేసి లోహపు బంతి అమరుస్తారు. మెడకు దిగువన విరిగితే రక్తానికి లోటుండదు కాబట్టి రాడ్డుతోనో, ప్లేటూ స్క్రూలతోనో బిగిస్తే అతుక్కుంటుంది. చిత్తూరు ప్రాంతంలోని పుత్తూరులో నాటువైద్యులు వేసే కట్టుకు తెలుగు, తమిళ ఊళ్లలో ఇప్పటికీ పేరుంది. మణికట్టు లాంటి చోట కదలకుండా కట్టి ఉంచితే ఎముక అతుకుతుంది గనుక ఆ నమ్మకానికి కొంత ఆధారం లేకపోలేదు. తొలిగిన తొడ మెడను మాత్రం ఏ కట్టూ పట్టి నిలపలేదు. రోగి వారాల తరబడి మంచాన ఉండిపోయి, పుండ్లు పడి, నిమ్ముతో ఆసుపత్రికి చేరేసరికి ఆపరేషన్‌కు తట్టుకునే శక్తి ఉండదు.

ఆలస్యం

ఆపరేషన్‌లో ఆలస్యం తగ్గించడం, ఇద్దరు డాక్టర్లూ కలిసి చూడడం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్ పట్టణంలో ఎముకల సర్జన్ మైఖేల్ డెవాస్, వృద్ధుల వైద్యుడు బాబీ అర్విన్ 1960ల నాటికే ఒకే వార్డులో కలిసి పనిచేశారు. ఆర్థోజెరియాట్రిక్స్ అనే శాఖకు మూలం అదే. బ్రిటన్ 2007లో తుంటి విరుపుల జాతీయ రిజిస్టరు మొదలుపెట్టింది. 36 గంటల్లోపు ఆపరేషన్, వృద్ధుల వైద్యుడి పరీక్ష లాంటి షరతులు నెరవేర్చిన ఆసుపత్రికి 2010 నుంచి అదనంగా డబ్బు చెల్లించింది. ఇంగ్లండ్‌లో నెలలోపు మరణాలు 2007లో 10.9 శాతం ఉండగా 2011కు 8.5 శాతానికి తగ్గాయి. కొత్త మందేమీ రాలేదు, పని జరిగే తీరు మారింది.

మరీ తొందరపడితే ఇంకా మేలా అన్న ప్రశ్నకు 2020లో వెలువడిన హిప్ అటాక్ అధ్యయనం జవాబు వెతికింది. భారత్‌తో సహా 17 దేశాల్లో 2,970 మంది రోగులు ఇందులో ఉన్నారు. ఆరు గంటల్లో ఆపరేషన్ అయినవారికీ, 24 గంటలకు అయినవారికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. డెలీరియం మాత్రం 12 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది.

మన దగ్గర ఆలస్యానికి కారణాలు వేరు. షుగర్ అదుపులోకి రావాలంటారు, ఎకో తీయాలంటారు, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు కాబట్టి ఐదు రోజులు ఆగాలంటారు. ఈ చివరి మాటను ఇప్పటి మార్గదర్శకాలు ఒప్పుకోవు. డబ్బు సర్దుబాటు కావాలి. అమెరికాలో ఉన్న కొడుకు విమానం దిగేదాకా సంతకం పడదు. ఈలోపు రోగికి అర్ధరాత్రి నుంచి నీళ్లు కూడా బంద్ చేస్తారు, మధ్యాహ్నానికి ఆపరేషన్ వాయిదా, మర్నాడు మళ్లీ పస్తు. నిజానికి మంచినీళ్లు మత్తు ఇవ్వడానికి రెండు గంటల ముందు వరకు తాగవచ్చు. కాలికి బరువు వేలాడదీసి లాగి ఉంచడం వల్ల నొప్పి తగ్గుతుందనడానికి కూడా గట్టి ఆధారం దొరకలేదు. గజ్జ దగ్గర ఇచ్చే నరాల మత్తు ఇంజెక్షన్ దానికంటే ఎంతో నయం.

నడుముకు మత్తు ఇస్తే మతి చెడదు, పూర్తి మత్తుతో చెడుతుంది అనే నమ్మకం కుటుంబాల్లోనూ, డాక్టర్లలోనూ ఉండేది. 1,600 మందితో జరిగి 2021లో వచ్చిన రీగెయిన్ అధ్యయనంలో రెండు పద్ధతుల్లోనూ దాదాపు ఐదో వంతు మందికి డెలీరియం వచ్చింది.

డెలీరియం గుర్తులు

డెలీరియం గంటల్లో, లేదా ఒకటి రెండు రోజుల్లో మొదలై, పొద్దున తగ్గినట్టే తగ్గి సాయంత్రం ముదురుతుంది. ఏకాగ్రత నిలవదు. డిమెన్షియా నెలలు, ఏళ్ల మీద వచ్చేది. డెలీరియం నిన్న లేనిది. సెలైన్ గొట్టం పీకేసి, చచ్చిపోయిన అన్నగారితో మాట్లాడుతూ, నర్సును తిట్టే రోగిని అందరూ గుర్తిస్తారు. గోడవైపు తిరిగి ముద్ద మింగకుండా, పిలిస్తే ఆలస్యంగా కళ్లు తెరిచే రోగిని ‘పాపం, నిద్రపోతున్నారు’ అని వదిలేస్తారు. ఈ మగత రకమే వృద్ధుల్లో ఎక్కువ, ముప్పూ ఎక్కువ.

ఎడిన్‌బరోలో రూపొందిన ఫోర్ ఏటీ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. రోగి మెలకువగా ఉన్నారా అని చూసి, వయసు, పుట్టిన తేదీ, ఉన్న చోటు, ఈ ఏడాది ఏదో అడుగుతారు. నెలల పేర్లు వెనక నుంచి చెప్పమంటారు. ఈ మార్పు ఎప్పటి నుంచన్నది ఇంటివాళ్లను విచారిస్తారు. చాలామంది తెలుగు పల్లె వృద్ధులకు పుట్టిన తేదీ ఏనాడూ తెలియదు, దివిసీమ ఉప్పెన నాటికి పెద్దపిల్ల చంకలో ఉంది అన్నట్టుగా వయసు లెక్క చెబుతారు. అది మతి తప్పడం కాదు. ఆదివారం నుంచి వారాల పేర్లు వెనక్కి చెప్పించడం వాళ్లకు సరిపడే పరీక్ష.

కారణాల వేట, నివారణ

కారణం సాధారణంగా ఒకటి కాదు. తగ్గని నొప్పి, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, మూత్రం బిగుసుకోవడం, మలబద్ధకం, ఇన్ఫెక్షన్, రక్తహీనత అన్నీ చూడాలి. జలుబుకో దురదకో ఇచ్చే పాత రకం మాత్రలు, అల్ప్రాజోలం, ట్రామడాల్ కూడా తెచ్చిపెడతాయి. రోజూ మద్యం తాగే అలవాటున్న మనిషికి అది ఆగి రెండో మూడో రోజైతే ఆ సంగతి వెంటనే అడగాలి, ఆ డెలీరియానికి చికిత్స వేరు.

బోస్టన్‌లో 126 మంది తుంటి రోగులతో జరిగి 2001లో ప్రచురితమైన అధ్యయనంలో, వృద్ధుల వైద్యుడు రోజూ చూసినవారిలో 32 శాతానికి, మామూలు వైద్యం అందినవారిలో 50 శాతానికి డెలీరియం వచ్చింది. అంతకుముందు షారన్ ఇనౌయె బృందం యేల్‌లో 852 మంది వృద్ధ రోగులను పరిశీలించి 1999లో ఫలితాలు ప్రకటించింది. కళ్లజోడు, వినికిడి యంత్రం దగ్గర ఉంచడం, నీళ్లు తాగించడం, నడిపించడం, రాత్రి నిద్ర చెడకుండా చూడడం, ఏ రోజో ఎక్కడున్నారో చెబుతుండడం వల్ల డెలీరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి దిగింది. ఈ పనులకు అక్కడ వాలంటీర్లకు శిక్షణ ఇచ్చారు. మన వార్డుల్లో మంచం పక్కన కూతురో కోడలో ముందే ఉంటుంది. ఆమెను ఐసీయూ తలుపు బయట కూర్చోబెట్టి, పోతాయేమోనని కళ్లజోడు, పళ్లసెట్టు సంచిలో కట్టి ఆమె చేతికే ఇచ్చేయడం మన ఆసుపత్రులు చేజేతులా చేసుకునే నష్టం.

చేతులు మంచానికి కట్టేస్తే కలవరం పెరుగుతుంది. హాలోపెరిడాల్ ముందుగా ఇస్తే డెలీరియం రాకుండా ఆగుతుందని రుజువు కాలేదు. రోగి తనకో ఇతరులకో హాని చేసే స్థితిలో మాత్రమే, చాలా తక్కువ మోతాదులో, కొద్దిరోజులు వాడతారు. పార్కిన్సన్స్ ఉంటే వాడరు. ఆపరేషన్ మర్నాడే లేపి నిలబెట్టడం ఎముకకూ మతికీ ఒకేసారి పనిచేస్తుంది.

ఇంటికి పంపేముందు

ఒక ఎముక విరిగినవారికి మరో ఎముక విరగవచ్చు. తుంటి ఆపరేషన్ తర్వాత 90 రోజుల్లోపు మొదలుపెట్టి ఏడాదికోసారి జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ ఇస్తే కొత్త విరుపులు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయని 2007లో తేలింది. దానికి ముందు విటమిన్ డి లోటు తీర్చాలి, కిడ్నీల పనితీరు చూడాలి. ఎండకు కొదవలేని తిరుపతిలో సైతం విటమిన్ డి లోటు, ఆహారంలో కాల్షియం కొరత విస్తృతంగా ఉన్నాయని అక్కడి స్విమ్స్ ఆసుపత్రి పరిశోధకులు అదే ఏడాది ప్రచురించారు.

డెలీరియం కొందరిలో డిశ్చార్జి నాటికి పోదు, వారాలూ నెలలూ సాగుతుంది. ఆ తర్వాత మతిమరుపు జబ్బు బయటపడే అవకాశమూ ఎక్కువ. డిశ్చార్జి కాగితంలో రాడ్డు సైజు, స్క్రూల కొలత ఉంటాయి, డెలీరియం వచ్చిన సంగతి చాలాసార్లు ఉండదు. అదే మనిషి కంటి శుక్లాల ఆపరేషన్‌కో హెర్నియాకో మళ్లీ ఆసుపత్రికి వస్తే మత్తు డాక్టరుకు ముందుగా కావలసిన సమాచారం అదే.